మందలిచ్చుడా, విచారణా? మనోచికిత్స శిక్షణలోని మొదటి ఇంటర్వ్యూ మీద కొన్ని ప్రశ్నలు

తెలంగాణలో మందలిచ్చుడు అంటే పలకరించుడు. ఎవరింట్ల చావు అయినా, ఎవరికి పానం బాగలేకున్నా పోయి మందలిచ్చి వస్తరు. పాఠ్యపుస్తకాల తెలుగులో అదే మాటకు అర్థం తిట్టుడు, గదమాయించుడు. బెజ్జంకి మండలంలోని మా వాడ నుంచి సైకాలజీ చదువ పోయిన మేము ఈ రెండర్థాల నడుమ ఇరుక్కున్నం. క్లాసులో మాకు నేర్పిన మొదటి విద్య ఇంటర్వ్యూ. మనిషి ఎదురుంగ కూసొని, ఆమె బాధ ఆమె నోటితోనే చెప్పించుడు. మా వాడల దీన్నే మందలిచ్చుడంటరు గద అనుకొని పోయినం. శిక్షణ ముగిసేసరికి తేలిందేందంటే, మేము నేర్చుకున్నది చాలా మట్టుకు ఆ రెండో అర్థం.

మేము అని రాస్తున్నం. ఇంట్ల మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన తరం మాది. సాంఘిక సంక్షేమ హాస్టల్ల అన్నం తిని, కరీంనగర్ బస్సెక్కి (బెజ్జంకి అప్పుడు ఆ జిల్లానే, 2016 అక్టోబర్‌ల సిద్దిపేటల కలిపిన్రు), అక్కడి నుంచి యూనివర్సిటీ గడప తొక్కినోళ్ళం. సైకాలజీ శాఖల్లో మాలాంటోళ్ళను వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు. అందుకే ఇది ఒక్కరి గోడుగా చదవొద్దని మనవి. ఏ ఒక్క సంస్థ మీదా ఫిర్యాదు కూడ కాదు. ఆ శిక్షణ ఏ మనిషిని ఊహించుకొని తయారైందో, ఆ ఊహ మీద విమర్శ.

ముందు ఆ విద్య ఏమిటో చెప్పుకోవాలె. మన కార్యకర్తల్లో చాలామంది కౌన్సెలింగ్ అంటే సలహాలిచ్చుడు, బుద్ధులు చెప్పుడు అనుకుంటరు. అసలు విద్య దానికి పూర్తిగా విరుద్ధం. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న కాకుండ మనిషి తన తొవ్వల తాను పోయే ప్రశ్న అడగాలె. ఆమె చెప్పినదాన్ని మళ్ళ ఆమె ముందట పెట్టి, నేను విన్నది ఇదేనా అని సరిచూసుకోవాలె. మౌనాన్ని భరించాలె. తొందరపడి ఓదార్చొద్దు. విన్నది గది దాటనియ్యొద్దు. అమెరికాలో కార్ల్ రోజర్స్ 1942లో తెచ్చిన పుస్తకంలో ఒక మనిషికి చేసిన చికిత్స మొత్తాన్ని రికార్డు చేసి మాట మాట అచ్చేసిండు. అంతకు ముందు గదిలో ఏం జరిగిందో చికిత్సకుడు చెప్పిందే వేదం. వేదాన్ని అచ్చులోకి తెచ్చి అందరి ముందట పెట్టుడు ఎంత పెద్ద పనో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1965ల వచ్చిన గ్లోరియా సినిమా మాక్కూడ చూపించిన్రు. రోజర్స్, పెర్ల్స్, ఎల్లిస్ ముగ్గురూ ఒక్కతే స్త్రీతోని వేరువేరుగ మాట్లాడుతరు. రోజర్స్ తల వూపుకుంట వింటుంటే మేము నిజంగనే కరిగినం. మా జీవితంల ఏ సారూ మా మాట అట్ల వినలే. ఈ విద్య మా వాడకు కావాలె అని ఆనాడే అనుకున్నం. ఇప్పుడూ అదే అంటున్నం.

మరి పేచీ ఎక్కడ?

సినిమా అయిపోయినంక చేతికిచ్చింది కేస్ హిస్టరీ ఫారం. పేరు, వయసు, చదువు, వృత్తి, మతం, ఆదాయం, పల్లెనా పట్నమా. కొన్ని ఫారాలల్ల కులానికి ఒక గడి వుంటది, కొన్నిట్ల అదీ వుండది. వున్నకాడ ఎస్సీ అని రాస్తే కులం పని అయిపోయినట్టే. తర్వాత ఎన్ని పేజీలు నిండినా దాని ముచ్చట రాదు. ఆ తర్వాత, సమాచారం ఇచ్చినోళ్ళెవరు, వాళ్ళ మాట నమ్మదగిందా, సరిపోతదా? అటెనుక మానసిక స్థితి పరీక్ష. వేషం శుభ్రంగ వుందా, కండ్లల్లకు చూస్తుందా, గొంతు ఎట్లుంది, జవాబుకు ఎంతసేపు తీసుకుంటుంది, తన జబ్బు సంగతి తనకు ఎరుకేనా, వివేచన వుందా?

అసైన్‌మెంట్ కోసం మేము మా వాడకే వచ్చి ఒక పెద్దమ్మతోని మాట్లాడినం. (ఎవరో గుర్తుపట్టకుండ కొన్ని సంగతులు మార్చి రాస్తున్నం.) ఆమె భర్త పత్తి అప్పుల పాలై పురుగుల మందు తాగి పోయిండు. ఆమె బీడీలు చుడుతది. ఒళ్ళె చాట, చాటల తునికాకు, జర్ద. మేము అడుగుతున్నా కత్తెర ఆగలే, చూపు ఆకు మీద నుంచి లేవలే. ఆగితే ఆనాటి లెక్క తగ్గుతది, కూలి తెగుతది. మేము ఫారంల చూపు కలపలేదు, గొంతు సన్నగ, జవాబులు ఆలస్యం అని రాసినం. క్లాసుల చదివితే 'గార్డెడ్' అన్నరు. అంటే దాపరికం మనిషి అని. మా చేతితోనే మా పెద్దమ్మ మీద ఆ మాట ఎక్కించినం. మార్కులు మంచిగనే వచ్చినయి.

వివేచన పరీక్షల ఒక పాత ప్రశ్న వుంది. స్టాంపు అంటించి, అడ్రసు రాసి వున్న ఉత్తరం తొవ్వల దొరికితే ఏం చేస్తవు? పోస్టు డబ్బల వేస్తనంటే వివేచన సరిగ వున్నట్టు. పెద్దమ్మ ఏమన్నదంటే, "నేనెందుకు ముట్టుకుంట బిడ్డా? ముట్టుకుంటే దొంగతనం నా మీదికొస్తది." ఫారం ప్రకారం ఇది తప్పు జవాబు. ఊరి ప్రకారం ఇంతకన్న వివేచన ఎక్కడుంది? ఇంకో పరీక్ష సామెతలకు అర్థం చెప్పుడు. మన సామెతల్లో మాల, మాదిగ, చాకలి, మంగలి పేర్లు ఎట్ల వాడిన్రో తెలిసిందే. వాటిని పక్కనబెట్టి ఏరి ఏరి అడిగినా, అదే సంచిల నుంచి తీసిన సామెత గద.

ఆమె తన బాధను రంది అన్నది. అప్పు రంది, బిడ్డ పెండ్లి రంది. మేము ఇంగ్లీషుల 'లో మూడ్' అని రాసినం. రంది వేరు, మూడ్ వేరు. రందికి ఎప్పుడూ ఒక పేరుంటది, దేని రంది అని అడిగితే చెప్తరు. మూడ్‌కు పేరుండది, జరం లెక్క లోపల్లోపల ఎక్కుతది, దిగుతది. ఒక్క అనువాదంతోని అప్పు, పత్తి, సేటు, పెండ్లి అన్నీ ఫారం బయట పడ్డయి. మనాదికీ బుగులుకూ ఇదే గతి. రోగి చెప్పింది రోగి మాటల్లోనే రాయాలెనని నియమం వుంది. మంచి నియమం. కాని ఫారం ఇంగ్లీషు, వైవా ఇంగ్లీషు, సూపర్‌విజన్ ఇంగ్లీషు. రోగి తెలుగు కొటేషన్ గుర్తుల నడుమ ఒక్క లైను కనబడి తర్వాత మాయమైతది. మా తెలుగు సంగతి సరేసరి. రోల్ ప్లేల మేము నోరు తెరిస్తే పక్కన నవ్వు వినబడేది.

ఇంగ్లీషుల 'యూ' ఒక్కటే. మన దగ్గర నోరు తెరిస్తేనే ఎవరు ఏ మెట్టు మీద వున్నరో తేలిపోతది. ఇరవై మూడేండ్ల ట్రైనీ అరవై ఏండ్ల మా అవ్వను "ఏమైంది నీకు?" అంటది. తర్వాత వచ్చిన రిటైర్డు హెడ్‌మాస్టర్‌ను "మీకు ఎప్పటి నుంచండీ?" అంటది. ఆ పిల్ల చెడ్డదేం కాదు. ఎవరూ ఆ పిల్లకు ఈ సంగతి చెప్పలే. రోగితో చనువు ఎట్ల కుదుర్చుకోవాలెనో చెప్పే అధ్యాయాలల్ల నువ్వు, మీరు గురించి మేము ఒక్క పేరా చదవలే, ఎందుకంటే అవి 'యూ' భాషల రాసినయి. మేము పెద్దమ్మా అని పిలిస్తే, వరుసలు కలపొద్దు, హద్దు చెదురుతది అన్నరు. హద్దు అవసరమే, కాదనం. కాని మా వాడల వరుస పెట్టి పిలవనోడు పోలీసోడన్నా అయి వుండాలె, ఫైనాన్సోడన్నా అయి వుండాలె.

మా వాళ్ళకు ప్రశ్నలు కొత్త కాదు. పట్వారీ అడిగిండు, పోలీసు పటేలు అడిగిండు. కులం సర్టిఫికెట్ కోసం మండలాఫీసు అడుగుతది, కార్పొరేషన్ లోను కాడ బ్యాంకు మేనేజరు అడుగుతడు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రాష్ట్రమంత ఒక్కనాడే అడిగింది, 2024 నవంబర్‌ల కుల సర్వే మళ్ళ అడిగింది. ఎదురుంగ కాయిదం, పెన్ను పట్టుకొని కూసున్నోడు ఏదో ఇచ్చేటోడన్నా అయితడు, గుంజుకునేటోడన్నా అయితడు. జవాబును బట్టి కార్డు వుంటది, పోతది. ఏ ఊరు, ఇంటి పేరేంది అని మర్యాదగ అడిగే ప్రశ్న వెనుక అసలు ప్రశ్న ఏదో ప్రతి దళిత విద్యార్థికి తెలుసు.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిన 1901 నాటి ముచ్చట మనందరికీ ఎరుకే. మసూర్ స్టేషన్‌ల మంచి బట్టలేసుకున్న పిల్లలను చూసి స్టేషన్ మాస్టరు దయగనే పలకరించిండు. మహార్లం అని పిల్లగాడు చెప్పంగనే ఆయన మొఖం మారిపోయింది, వెనుకకు తిరిగి పోయిండు. అది కూడ ఒక మొదటి ఇంటర్వ్యూనే. రోజర్స్ 1957లో వ్యాసం రాస్తూ, చికిత్స ఫలించాలంటే షరతులు లేని ఆదరం కావాలె అన్నడు. ఆ ఆదరాన్ని మా వాళ్ళు నమ్మాలంటే మసూర్ స్టేషన్ దాటి రావాలె. దాటించే బాధ్యత ఎవరిది? శిక్షణ ఈ ప్రశ్నను వేయదు. నమ్మకపోతే 'గార్డెడ్' అని రాసుకుంటది.

ఈ ప్రశ్నను వేసిన మనిషి ఒకడున్నడు. 1953 నుంచి 1956 దాక ఫ్రాంట్జ్ ఫానన్ అల్జీరియాలోని బ్లిదా ఆస్పత్రిలో డాక్టరు. యూరోపియన్ స్త్రీల వార్డులో సభలు, పత్రిక, సినిమాలు పెడితే రోగుల్లో కదలిక వచ్చింది. అదే పద్ధతి అల్జీరియన్ ముస్లిం మగవాళ్ళ వార్డులో పెడితే బోల్తా పడ్డది. అరబ్బీ రాని డాక్టరు, నడుమ దుబాసీ. ఫానన్ రోగులను తప్పు పట్టలే, తన పద్ధతిని తప్పు పట్టుకున్నడు. తర్వాత ఆ వార్డుకు వాళ్ళ తీరు కాఫీ దుకాణం వచ్చింది, కథలు చెప్పేటాయన వచ్చిండు. 1955ల లాకటోన్ అనే తోటి డాక్టరుతో కలిసి ఇంకో ప్రశ్న వేసిండు. అల్జీరియన్ నిందితుడు పరీక్ష చేసే డాక్టరు ముందట నేరం ఎందుకు ఒప్పుకోడు? వలస డాక్టర్లు అప్పటికే జవాబు తయారుగ పెట్టుకున్నరు, అది అబద్ధాలాడే జాతి అని. ఫానన్ వాదం వేరు. ఒప్పుకోలు అనేది ఒక సమాజంల సభ్యుడైనోడు ఆ సమాజానికి చేసేది. తనను ఎన్నడూ లోపలికి రానియ్యని సమాజానికి ఎవడైనా ఎందుకు ఒప్పుకుంటడు? మా పెద్దమ్మ దాపరికానికి ఇంతకన్న మంచి వ్యాఖ్యానం మేము చదివిన పాఠ్యపుస్తకాలల్ల దొరకలే. ఫానన్ పేరు మా సిలబస్‌ల లేదు.

మన దేశపు మేధావులు పశ్చిమ పద్ధతిని ప్రశ్నించలేదా అంటే, ప్రశ్నించిన్రు. 1954లో బెంగుళూరులో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ (నేటి నిమ్హాన్స్)లో పనిచేసిన ఎన్.సి. సూర్య 1964లో జయరాంతో కలిసి రాసిన వ్యాసంలో, భారతీయ రోగి కారణాలను తన లోపల వెతుక్కోడనీ, ఎదుటి పరిస్థితిలో నేరుగ సాయం కోరుతడనీ, చికిత్సకుణ్ణి ఇంటి పెద్ద తీరుగ చూస్తడనీ అన్నడు. 1973లో జస్వంత్ సింగ్ నేకి ఇంకో అడుగు ముందుకేసి, మన దగ్గర చికిత్సకు నమూనా గురుశిష్య సంబంధం కావచ్చన్నడు. ఆధారపడుడు రోగం కాదు, మన సంస్కృతిల అది సహజం, గురువు శిష్యుని భారం మోస్తడు అని ఆయన వాదన.

ఎవరి సంస్కృతిల? గురువు ముందట కూసునే హక్కు ఎవరికుండె? ఏకలవ్యుడు వేలు ఇచ్చిండు, శంబూకుడు తల ఇచ్చిండు. గురువుతోని, చదువుతోని మా వాళ్ళ పురాతన అనుభవం ఇది. నేకికి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలె. ఆయన సిక్కు, పంజాబీ కవి. రవిదాసు పదాలకు చోటిచ్చిన గ్రంథం ఆయనది. ఆయన నోట గురువు అనే మాట ద్రోణుడే కానక్కరలేదు. కాని ఆ మాట బయటికి పోయి భారతీయ నమూనా అయినప్పుడు ఆ తేడా మిగలలే. సూర్య చెప్పిన ఇంటి పెద్ద సంగతీ అంతే. మా వాడల పెద్దమనిషి అంటే ముసలోళ్ళకు గడీల దొర గుర్తొస్తడు. బాంచెన్ కాల్మొక్త అనిపించినదాన్ని సంస్కృతి అనలేం, అది వెట్టి. అమెరికా మౌనం మా వాళ్ళకు "రేపు రా" అనే ముందటి ఆఫీసరు మౌనం లెక్క కనబడుతది. భారతీయ గురువు దొర లెక్క కనబడుతడు. ఈ రెండింటి నడుమ పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో కులం ఒక ప్రశ్నగా ముందుకు రాలే.

ఇది పరీక్ష పేపర్ల గొడవ అయితే ఇంత రాసేటోళ్ళం కాదు. 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టల్లో, మార్కుల్లో ఎదుర్కొంటున్న వివక్షను రికార్డు చేసింది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయిండు. హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత విద్యార్థుల్లో ఒకడు. ఆ తర్వాత జస్టిస్ రూపన్‌వాల్ కమిషన్ అతని ఉత్తరంలో బాల్యపు ఒంటరితనం గురించి వున్న మాటలు తీసుకొని, చావుకు కారణం వ్యక్తిగత నిరాశ అని తేల్చింది. మనిషి మాటలు విని, వాటిల్లోంచి సమాజాన్ని తీసేసి, మిగిలినదానికి నిరాశ అని పేరు పెట్టుడు. ఇది ఆ కమిషన్ కొత్తగ కనిపెట్టిన పద్ధతి కాదు. మేము పెద్దమ్మ కేసు రాసినప్పుడు చేసింది ఏంది? రందిని మూడ్ చేసినం. పద్ధతి అదే. ఫలితం పెద్దగ కనబడలే, అంతే. ఇట్లాంటి చావు అయిన ప్రతిసారీ కౌన్సెలర్లను పెట్టాలెనంటరు. పెట్టాలె. ఆ కౌన్సెలర్ చేతిల ఏ ఫారం వుంటదో కూడ అడగాలె.

అయితే వాడ పద్ధతే మంచిది, మందలిచ్చుడుతోనే సరి అందమా? ఆ మాట అనలేం. మందలియ్య వచ్చిన ఆడోళ్ళు ముందు ప్రశ్న అడగరు. పక్కన కూసుంటరు. "తిన్నవా?" అంటరు. చాటల ఆకు చేతికి తీసుకొని తాము గూడ కత్తిరించుడు మొదలుపెడుతరు. మాట దానంతట అది వస్తది. రాకుంటే రాదు. మేము రెండోసారి పోయినప్పుడు ఫారం సంచిల పెట్టి ఇదే చేసినం. మా కట్టలు వంకర పోయినయి గని, ఆమె భర్త చనిపోయిన రాత్రి సంగతి చెప్పింది. ఆ రాత్రి ముచ్చట ఇక్కడ రాయం. ఇదంతా నిజమే. కాని ఈ మందలిచ్చుడుకూ కులం గీతలున్నయి. అగ్రకులపోళ్ళు మా ఇంటికి రారు, వస్తే వాకిట్ల నిలబడి పోతరు. మాల వాడకు, మాదిగ వాడకు నడుమ రాకపోకలు కూడ అంతంతమాత్రమేనని మనలో మనం ఒప్పుకోవాలె. కొట్టే మొగని గురించి ఒక పిల్ల చెప్పుకుంటే "సర్దుకపో బిడ్డా" అంటరు. పొద్దుగూకేసరికి వాడంత తెలుస్తది. ఆ పిల్లకు తలుపు మూసిన గది కావాలె. విన్నది బయటికి పోనియ్యని, సర్దుకపొమ్మని చెప్పని, తీర్పు చెప్పని మనిషి కావాలె. ఆ తలుపు, ఆ నియమం మాకు వాడ ఇయ్యలే, శిక్షణ ఇచ్చింది. అందుకే శిక్షణను వదులుకోం.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, సిలబస్సులు మారుతున్న కాలం ఇది. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్ ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాక గడువు పొడిగించింది. దాని జాగల కొత్త కోర్సులు రావాలె. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ల, వివక్ష లేకుండ వైద్యం పొందే హక్కు గురించి చెప్తూ కులం పేరు ఎత్తిన్రు. చట్టంలకు వచ్చిన మాట ఇంటర్వ్యూ పాఠంలకు ఇంకా రాలే. మేము అడిగేది పెద్దదేం కాదు. సూపర్‌విజన్‌ల సగం గంటైనా తెలుగుల, రోగి మాట్లాడిన తెలుగుల జరగాలె. ట్రైనీ రాసుకొచ్చిన సంభాషణల నువ్వు అన్నదెక్కడ, మీరు అన్నదెక్కడ అని గీతలు గీసి చూడాలె. రోగి 'గార్డెడ్' అని రాసిన ప్రతిచోట, నువ్వు ఎవరివని ఆమె అనుకుంది అని ట్రైనీని అడగాలె. ఆ ట్రైనీ ఎవరో, సూపర్‌వైజర్ ఎవరో, ఎవరి కులం ఏందో ఆ గదిలో మాట్లాడుకోగలగాలె. మా శిక్షణ కాలంల ఇది ఒక్కసారీ జరగలే. మా కులం అందరికీ తెలుసు, వాళ్ళ కులం మాకు తెలుసు, కుర్చీల మీద మాత్రం మనుషులు కూసున్నట్టే నడిచింది.

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన ఒక మిత్రురాలు అభ్యంతరం చెప్పింది. ఆమె కూడ హాస్టల్ నుంచి వచ్చిందే, ఇప్పుడు ఒక కాలేజీల కౌన్సెలర్. దళిత పిల్ల లోపలికి రాంగనే నువ్వు కులం గురించే వినాలెనని కూసుంటే, ఆ పిల్ల ప్రేమ విఫలమై వచ్చిందో, లెక్కల పరీక్ష భయంతోని వచ్చిందో నీకు వినబడదు, మళ్ళ ఆ పిల్లను గడిలనే వేసినట్టు గద అన్నది. ఆమె మాట నిజం. మా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. ఇప్పటికి మేము చేస్తున్నదల్లా కులం గురించి ముందుగ అడగకపోవుడు, ఆ పిల్ల తనంతట తాను దాన్ని తెచ్చి పెట్టినప్పుడు చూపు తిప్పుకోకపోవుడు. ఎప్పుడు తెచ్చిందో, ఏ మాట తర్వాత తెచ్చిందో రాసి పెట్టుకుంటున్నం, తెలుగుల.